బరువు మోసే గోడ

అక్టోబరు 6

తాళాలు ఇచ్చారు. అయిదో అంతస్తు, పంతొమ్మిదో నంబరు. ఇచ్చిన పిల్ల నా మొహం కూడా చూడకుండా "అభినందనలు" అంది. రోజుకి ముప్ఫైసార్లు అంటుంది కాబోలు.

లోపల ఇంకా ఇల్లంటూ ఏమీ లేదు. బూడిదరంగు గోడలు, నేల మీద సిమెంటు, వంటింట్లో కుళాయి ఉండాల్సిన చోట ఒక గొట్టం ముక్క. మా బిష్కెక్‌లో కొత్త ఇల్లంటే ఇదే, మిగతాదంతా కొన్నవాడి ఖర్మ. మా ఆవిడ బురుల్ చలికోటు విప్పకుండానే గదులన్నీ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా అక్కావాళ్ళ పాత ఇల్లు చూశావుగా. మూరెడు మందాన ఇటుక గోడలు. పక్కింటివాళ్ళ పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు. ఇక్కడెవరున్నారయ్యా?"

"ఎవరూ లేరు. అదేగా దీని గొప్ప! ఇంకొకడు కొట్టిన మేకులు లేవు, ఇంకొకడి జిడ్డు లేదు. ఈ ఇంట్లో ఇంతవరకూ ఒక్కరూ చావలేదు."

"చావడానికి ముందు ఎవరో ఒకరు బతకాలిగా."

ఈవిడతో వాదించి గెలిచినవాడు లేడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఫ్యాక్టరీ హాస్టల్లో ఒకే గదిలో బతికాం, అమ్మతో కలిపి ముగ్గురం. మొన్న మార్చిలో అమ్మ ఆ గదిలోనే పోయింది. చివరిచూపుకి వచ్చిన పెద్దలు లోపల చోటులేక మెట్లమీద వరసగా నిలబడి ఏడ్చారు. మా మేనమామ ఎనభై ఏళ్ళవాడు, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య నిలబడి ఏడ్చాడు. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

వచ్చే మార్చి పదహారుకి సంవత్సరీకం. నలభై మంది వస్తారు. ఈసారి అందరూ ఒకే గదిలో, నేలమీద పరిచిన ఒకే దుప్పటి చుట్టూ కూర్చుని తినాలి. నా ఇంట్లో తినాలి.

హాలు ఏడు అంగలు. పక్క గది అయిదు. మధ్యలో ఒక గోడ.

అక్టోబరు 9

ఆ గోడ లేకపోతే పన్నెండు అంగలు.

అక్టోబరు 14

మేస్త్రీ తొక్తోసున్‌ని తీసుకెళ్ళి చూపించాను. గోడని వేలితో కొట్టాడు, సుత్తితో కొట్టాడు, తర్వాత నా మొహం చూశాడు.

"అన్నా, ఇది ఇటుక కాదు. కాంక్రీటు, లోపల ఇనుము. పైన అయిదంతస్తులు దీనిమీద కూర్చున్నాయి. బరువు మోసే గోడ."

"గోడంతా తీసెయ్యమన్నానా? దారి మాత్రమే. మీటరున్నర."

"మీటరున్నర కాదు, మూరెడైనా నేను ముట్టుకోను."

"నలభై మంది వస్తారయ్యా. మా అత్తారివైపు వాళ్ళని ఒక గదిలో, మేనమామల్ని ఇంకో గదిలో కూర్చోబెడితే ఏమవుతుందో నీకు తెలీదూ? ఎవరి గది పెద్దదని కొలుచుకుని జన్మంతా మాట్లాడుకోరు."

"హోటల్లో పెట్టు. ఇప్పుడందరూ అక్కడే పెడుతున్నారు."

నిన్న రాత్రి ఎవరి పెళ్ళిలోనో చిందులేసిన హాల్లో ఇవాళ మా అమ్మ పేరున ఖురాన్ చదివించాలట! టీ పోసి పంపించేశాను. ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నాను. ఏది బరువు మోస్తుందో, ఏది ఊరికే నిలబడుతుందో ఈ మేస్త్రీ నాకు నేర్పాలా!

అక్టోబరు 23

ఇంకొకతను దొరికాడు, రంపం మిషను ఉన్నవాడు. "ఎక్కడ?" అన్నాడు, సుద్దముక్కతో గీసి చూపించాను. అంతే, ఇంకో మాట లేదు. పనివాడంటే అలా ఉండాలి.

మూడు రోజులు కోశాడు. లోపల కడ్డీలు బొటనవేలంత లావున్నాయి. ఒక్కొక్కటి తెగినప్పుడు చెవులు చిల్లులు పడేలా మోగింది. ఇంత ఇనుము ఎందుకు పెట్టారో, కంపెనీవాళ్ళకి దండిగా మిగిలిపోయిందేమో. బురుల్ ఒక్కసారే వచ్చి చూసి, "అన్నీ కనుక్కునే చేస్తున్నావుగా?" అని అడిగింది. కనుక్కున్నానని చెప్పాను. అబద్ధమేం కాదు, తొక్తోసున్‌ని అడిగానుగా.

తిన్నగా రావాలంటే రెండున్నర మీటర్లు తియ్యక తప్పలేదు. దారి మాత్రమే.

నవంబరు 12

దిగాం. వేడి నీళ్ళు వస్తున్నాయి. కిటికీలు సందుల్లేకుండా మూసుకుంటున్నాయి, బయట మంచు పడుతున్నా లోపల చొక్కాతో తిరుగుతున్నాను. హాస్టల్లో మూడు స్వెట్టర్లు వేసుకుని టీ తాగేవాళ్ళం. కొత్త ఇల్లు వద్దన్నవాళ్ళని ఒక పూట ఇక్కడ కూర్చోబెట్టాలి.

చెడ్డ సంగతులూ ఉన్నాయి. లిఫ్టు రోజు మార్చి రోజు పనిచేస్తుంది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పొద్దున్నుంచీ గోడలు తొలుస్తూనే ఉంటారు. ఎదురింటివాడి పేరు తెలీదు, వాడికి నా పేరు తెలీదు. బురుల్ రోజంతా ఎవరితోనూ మాట్లాడక, నేను రాగానే అన్నీ కలిపి నామీద కుమ్మరిస్తోంది.

హాలు మాత్రం హాలే! ఈ చివర నిలబడి దగ్గితే ఆ చివర మారుమోగుతుంది.

నవంబరు 19

ఈ మధ్యాహ్నం పైఅంతస్తు అమ్మాయి తలుపు కొట్టింది. పాతికేళ్ళుంటాయి. చంకలో ఏడాదిన్నర పాప.

"బాబాయ్, నేను బెగాయిమ్‌ని, మీ నెత్తిమీద ఉండేదాన్ని. వచ్చే ఆదివారం మీరూ పిన్నీ మా ఇంటికి భోజనానికి రావాలి. ఎరులుక్ పెడతాను."

బురుల్ మొహం వెలిగిపోయింది. కొత్తగా దిగినవాళ్ళకి ముందునుంచీ ఉన్నవాళ్ళు పెట్టాల్సిన భోజనం అది. మా పల్లెలో ఎవరూ మానరు, ఇక్కడ ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాం. నేను ఆట పట్టించాను.

"నువ్వు మాత్రం పాతకాపువా ఏమిటి? ఈ బిల్డింగే నిన్న కాక మొన్న లేచింది."

"మీకన్నా పద్దెనిమిది రోజులు పాతదాన్ని! ఇక్కడ అందరూ కొత్తే, ఎవరో పెడతారులే అని అందరూ చూస్తూ కూర్చున్నారు. నాకెవరూ పెట్టలేదు. ఇక నేనే మొదలుపెడదామని."

మంచి పిల్ల. మొగుడు నోవోసిబిర్స్క్‌లో టాక్సీ నడుపుతాడట.

నవంబరు 26

వెళ్ళాం. మాంసం కూరి ఆవిరి మీద ఉడికించిన మాంతీలు చేసింది, ఒక్కోటి పిడికెడంత. పిండి ముక్కలు వేయించిన బోర్సోకులు నూనెలో పొంగి బంగారపు రంగులో ఉన్నాయి. వద్దన్నా వినకుండా నన్ను తలుపుకి ఎదురుగా పెద్దల చోటులో కూర్చోబెట్టింది. నా వీపు వెనక గోడంతా వాళ్ళమ్మ పెళ్ళికిచ్చిన ఎర్ర కుట్టుపని గుడ్డ వేలాడుతోంది.

బురుల్, ఆ అమ్మాయి వంటింట్లో ఒకటే కబుర్లు. పాప సెజిమ్ నా చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఆ గుడ్డ అంచు పట్టుకుని లాగింది. నేను తిరిగి చూశాను.

గోడ పగిలి ఉంది. కింద మూల దగ్గర మొదలై, ఏటవాలుగా పైకి, నా భుజం దాటి.

బెగాయిమ్ పరిగెత్తుకొచ్చి గుడ్డ సర్దేసింది. సిగ్గుతో చెవులదాకా ఎర్రబడింది.

"అయ్యో, మీకు కనపడకూడదని వేలాడదీశాను బాబాయ్. అక్టోబరు ఆఖర్లో వచ్చింది. కొత్త బిల్డింగు కదా, సర్దుకుంటోందంటున్నారు."

"సర్దుకుంటుంది," అన్నాను.

ఆమె వడ్డించింది, నేను తిన్నాను. దువా చేసి, అరచేతులు మొహానికి ఆనించుకుని లేచాం. పిల్లల్నీ ఇంటినీ చల్లగా చూడమని దేవుణ్ణి అడిగింది నేనే, పెద్దవాణ్ణి కాబట్టి.

కిందికొచ్చి కొలిచాను. ఆ గోడ కింద ఉన్నది నా దారి.

నవంబరు 27

అన్ని కొత్త ఇళ్ళూ సర్దుకుంటాయి. మా హెడ్ నర్సు వాళ్ళింట్లో కూడా బీటలు వచ్చాయట. వాళ్ళ బిల్డింగులో ఎవరూ ఏమీ కోయలేదు.

డిసెంబరు 8

బిల్డింగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో గొడవ. ఒకరింట్లో పైకప్పు కారుతోంది, ఇంకొకరి బాల్కనీ వంగింది, బెగాయిమ్ బీట ఫోటో పెట్టింది. మూడో అంతస్తు రిటైర్డ్ మేజర్ కలిక్ నాయకత్వం తీసుకున్నాడు. కంపెనీ మీద నగరపాలకులకి అర్జీ పెట్టాలట. "చదువుకున్నవాడివి, చక్కగా రాస్తావు, నువ్వే రాయి," అని నామీద పడ్డాడు.

రాశాను. బాగా వచ్చింది. "నాసిరకం నిర్మాణం వల్ల చంటిపిల్లల ప్రాణాలకి ముప్పు ఏర్పడింది" అనే వాక్యం దగ్గర మేజర్ బల్ల గుద్ది శభాష్ అన్నాడు. మొదటి సంతకం నాదే.

కంపెనీవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? సిమెంటులో ఎంత ఇసుక కలిపారో ఎవరికి తెలుసు. నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

డిసెంబరు 9

మళ్ళీ కొలిచాను, నా దారి రెండున్నర కాదు. మూడు మీటర్ల నలభై.

జనవరి 17

ఉదయం పదకొండింటికి భూమి కదిలింది. ఇక్కడ ఏడాదికి నాలుగైదుసార్లు కదులుతుంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేను ఒకతని మోకాలు ఫిలిం వెలుతురులో పెట్టి చూస్తున్నాను. దీపం ఊగింది, ఆగింది. అతను బల్లమీంచి లేవకుండానే "చిన్నదే," అన్నాడు. నేను మాత్రం కోటు తీసుకుని బయటపడ్డాను. ఇంతకుముందెప్పుడూ డ్యూటీ వదిలి వెళ్ళినవాణ్ణి కాదు.

బిల్డింగు నిలబడే ఉంది. బెగాయిమ్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో నిలబడి ఉంది, పాపని దుప్పట్లో చుట్టి. బురుల్ ఆమె భుజాల మీద తన శాలువ కప్పింది.

పైకి వెళ్ళి చూశాను. నవంబరులో ఆ బీటలో అగ్గిపుల్ల దూరేది కాదు. ఇప్పుడు దూరుతుంది, పుల్ల కాదు, పెట్టె అంచు దూరుతుంది.

"మా ఆయన ఫోన్‌లో కసురుతున్నాడు బాబాయ్. 'కొత్త ఇల్లు కూలుతుందా, పిచ్చిమాటలు కట్టిపెట్టు' అంటున్నాడు. మీరు రోజూ విరిగినవి చూసేవాళ్ళు కదా. మీరు చెప్పండి. ఉండొచ్చా?"

"ఉండొచ్చు," అన్నాను.

ఇంకేం చెప్పగలను? ఆమెకి వెళ్ళడానికి చోటెక్కడుంది?

జనవరి 18

ఉండొచ్చు. అక్టోబరు నుంచి నిలబడే ఉందిగా.

జనవరి 29

మా అమ్మ ఎప్పుడూ దేనికీ భయపడేది కాదు.

ఫిబ్రవరి 12

అర్జీ పనిచేసింది. ఈ నెల ఇరవై ఏడున తనిఖీవాళ్ళు వస్తున్నారు. మేజర్ గ్రూపులో పెద్ద అక్షరాలతో పెట్టాడు: "ప్రతి ఇంట్లోకీ వస్తారు. అందరూ ఇళ్ళలో ఉండాలి. మనవాళ్ళలో ఎవరైనా గోడలు కదిలించి ఉంటే ఇప్పుడే చెప్పండి, లేకపోతే కంపెనీవాళ్ళు మన నెత్తిన రుద్దుతారు."

చదివి భుజాలు తడుముకున్నాను. కింద ఇరవై మంది 'లేదు, లేదు' అని రాశారు. నేనూ రాశాను.

ఫిబ్రవరి 20

పలచటి జిప్సం పలకలు తెచ్చి దారి మూసేశాను. మూడు మీటర్ల నలభై. రెండు రోజులు పట్టింది. చుట్టూ ఉన్న రంగే వేశాను, అతుకు తెలియకుండా పల్చగా పూత పూశాను. నేనిన్నాళ్ళూ ఎక్స్‌రే పని చేశాను గానీ ఈ పనిలో పైకొచ్చేవాణ్ణి.

బురుల్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"తనిఖీవాళ్ళ కళ్ళకి గోడ కడుతున్నావా?"

"సంవత్సరీకానికి మళ్ళీ తీసేస్తాను."

"నేను అడిగింది అది కాదు."

"మరేమిటి నువ్వడిగేది?"

"ఆ రోజు తొక్తోసున్ ఏమన్నాడు?"

బజారులో కనిపించాడట. ఆవిడకి ఆయనే అంతా చెప్పాడట. నేను బ్రష్ కడుక్కోవడానికి వెళ్ళాను.

ఫిబ్రవరి 27

ఇద్దరు వచ్చారు. ఒకాయన ముసలాయన, ఆయాసపడుతున్నాడు, ఎందుకంటే లిఫ్టు పనిచేసే రోజు కాదు. అప్పటికే పద్దెనిమిది ఇళ్ళు తిరిగారు. నేను గుమ్మంలోనే పట్టుకుని టీ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. రొట్టె, జామ్, గుర్రం మాంసం ముక్కలు అన్నీ పెట్టాను. బురుల్ గదిలోంచి బయటికి రాలేదు.

ముసలాయన టీ గిన్నె చేత్తో పట్టుకుని గోడల వెంట నడిచాడు. నా గోడ దగ్గర ఆగాడు. ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. చెయ్యి ఎత్తాడు. పూతని వేలితో నిమిరాడు.

"శుభ్రంగా చేయించుకున్నారండీ," అన్నాడు. "ఇందాక పదహారో నంబరులో చూడాలి, అసహ్యం."

టీ గిన్నె కింద పెట్టి సంతకం చేయించుకుని వెళ్ళిపోయారు.

మార్చి 4

కాగితం వచ్చింది. "సహజమైన సర్దుబాటు వల్ల ఏర్పడిన బీటలు. నిర్మాణ సంస్థ పూడ్చవలెను. నివాసయోగ్యము." మేజర్ సగం గెలిచామన్నాడు.

సాయంత్రం బెగాయిమ్ పళ్ళెం నిండా బోర్సోకులతో వచ్చింది, ఇంకా వేడిగా ఉన్నాయి.

"మీరు అర్జీ రాయబట్టే వాళ్ళు వచ్చి చూశారు బాబాయ్. జనవరినుంచీ పాపా నేనూ వంటింట్లో నేలమీద పడుకుంటున్నాం. ఇవాళ మంచం మళ్ళీ గదిలోకి జరిపేశాను. కాగితం ఉందిగా ఇంక!"

ఏ గదిలోకి అని అడగలేదు. వాళ్ళు పడుకునేది ఒకటే గది, బీట ఉన్నది.

బురుల్ పళ్ళెం అందుకుని బల్లమీద పెట్టింది. ఒక్కటీ ముట్టుకోలేదు. నేను రెండు తిన్నాను.

మార్చి 6

పాత ఇంట్లో గోడ పగిలితే, తప్పు చేసినవాడు ఎప్పుడో పోయి ఉంటాడు. మనం వాణ్ణి హాయిగా తిట్టుకోవచ్చు. కొత్త ఇంట్లో తప్పు చేసినవాడు బతికే ఉంటాడు, లిఫ్టులో కనిపిస్తాడు, పాపకి బుగ్గ గిల్లి ముద్దు పెడతాడు. ఈ సంగతి కొనేముందు ఎవరూ చెప్పరు.

ఇవాళ పాప లిఫ్టులో నా వేలు పట్టుకుంది. అయిదో అంతస్తు వచ్చినా వదల్లేదు, ఆరోదాకా వెళ్ళాను.

మార్చి 9

సంవత్సరీకం ఇంకో వారంలో. పిలుపులు వెళ్ళాయి. మేనమామ వస్తానన్నాడు. ఇవాళ అమ్మ పేరున నూనె కాచాలి, బోర్సోకులు వేయించాలి. ఆ వాసన పోయినవాళ్ళకి చేరుతుందని మా నమ్మకం. ఏడాదిగా బురుల్ ఒక్క వారమూ మానలేదు.

ఇవాళ మధ్యాహ్నమయినా పొయ్యి వెలగలేదు. మూకుడు గోడకి వేలాడుతూనే ఉంది.

"పిండి అయిపోయిందా?" అన్నాను.

"ఉంది."

"మరి?"

"నేను వేయించను. పదహారున వండను కూడా. నీకు కావాలంటే మనిషిని పెట్టుకో."

"మా అమ్మ కార్యం బురుల్! నిన్ను తల్లి కంటే ఎక్కువగా చూసిందే!"

"అందుకే వండను." ఆవిడ వేలెత్తి పైకప్పు చూపించింది. "ఆ పలకలు తీసేసి నలభై మందిని ఇక్కడ కూర్చోబెడతావు. పెద్దలందరూ చేతులెత్తి దువా చేస్తారు. సరిగ్గా వాళ్ళ నెత్తిమీద ఆ పిల్ల నిద్రపోతూ ఉంటుంది. నూనె వాసన మీ అమ్మకి చేరిందే అనుకో, ఆవిడ వచ్చి ఎక్కడ కూర్చుంటుంది? చెప్పు. ఎక్కడ కూర్చోబెడతావు?"

"ఇప్పుడు చెబితే ఏమవుతుందో తెలుసా? ఇల్లు పోతుంది. కేసు పెడతారు. మళ్ళీ హాస్టలు కూడా దొరకదు మనకి."

"తెలుసు. నేను సంచి సర్దుకునే ఉన్నాను."

నిజంగానే సర్దుకుంది. తలుపు వెనక రెండు సంచులు. ఒకటి నాది.

నేను అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. తర్వాత హాల్లో ఆ చివరనుంచి ఈ చివరదాకా నడిచి, జిప్సం పలక దగ్గర ఆగి, వేలితో కొట్టాను. డొల్ల చప్పుడు. ఆ ముసలాయన ఒక్కసారి, ఒక్కసారి కొట్టి ఉంటే సరిపోయేది. ఆయన మీద నాకెంత కోపం వచ్చిందో! నా పని ఆయన చేసిపెట్టనందుకు.

నేనే చేశాను. నేను కోయించాను. దారి కాదు, గోడ. బరువు మోసే గోడని మూడు మీటర్ల నలభై కోయించాను. తొక్తోసున్ చెప్పాడు, నేను విన్నాను, విని కోయించాను. బీట చూసిన రోజే నాకు తెలుసు. కంపెనీ మీద రాసినప్పుడు తెలుసు. ఉండొచ్చని చెప్పినప్పుడు కూడా తెలుసు.

మార్చి 10

మధ్యాహ్నం రెండింటికి పైకి వెళ్ళాను. బెగాయిమ్ తలుపు తీసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. పాప ఇప్పుడే పడుకుందట. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది. కూర్చోమంది. కూర్చోలేదు.

చెప్పాను. అనుకున్నంత సేపు పట్టలేదు. నాలుగు మాటల్లో అయిపోయింది. మీ గోడ కింద ఉండాల్సిన గోడని నేను కోయించాను, తనిఖీవాళ్ళు చూసింది రంగేసిన అట్ట, ఆ కాగితం చెల్లదు.

ఆమెకి మొదట అర్థం కాలేదు.

"అర్జీ మీరే రాశారు కదా బాబాయ్?"

"రాశాను."

"ఉండొచ్చని మీరే చెప్పారు కదా?"

"చెప్పాను."

తిడుతుందనుకున్నాను. వేడి నీళ్ళు నా మొహాన కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె వెనక్కి తిరిగి పొయ్యి కట్టేసింది. కాసేపు గదివైపు చూసింది. తర్వాత నన్ను అడిగింది, కోపంగా కాదు, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగినట్టే.

"ఇప్పుడే లేపెయ్యాలా బాబాయ్, లేచేదాకా ఆగొచ్చా?"

తెలియదని చెప్పాను.

ఆమె చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. నిద్ర చెడిన పాప ఏడుపు వినిపించింది.